విదేశీ యాజమాన్యంలోని కార్ల కంపెనీ అమ్మకానికొస్తే ప్రభుత్వం ఏం చేస్తుంది, ఏం చేయలేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఫ్యాక్టరీ అమ్మకం అనగానే ఎవరికైనా ముందు స్టీల్ ప్లాంటే గుర్తొస్తుంది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది: వేరే దేశాల్లో ఇలాంటివి జరిగినప్పుడు అక్కడి ప్రభుత్వాలు ఏం చేశాయి? ఎక్కువ పాఠాలున్నది కార్ల కంపెనీల అమ్మకాల్లో. అందులోనూ స్వీడన్‌లోని సాబ్ కథలో. అందుకే ఈ పేజీలో సగం సాబ్ గురించే ఉంటుంది. అమ్మకం ధర ఎంత అన్నదానికంటే, ఆ ధరకి చేతికొచ్చేది ఏమిటి అన్నదే పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం. జవాబులన్నీ ఆ కోణంలోనే రాశాను.

సాబ్ అంటే యుద్ధ విమానాల కంపెనీ కదా?

మొదలైంది అలాగే, 1937లో. యుద్ధం అయ్యాక కార్లలోకి దిగింది. 1949 చివర్లో ట్రోల్‌హెట్టన్ అనే చిన్న ఊళ్లో సాబ్ 92 కార్ల తయారీ మొదలైంది. 1990లో అమెరికా జనరల్ మోటార్స్ (జీఎం) 60 కోట్ల డాలర్లిచ్చి కార్ల విభాగంలో సగం వాటా కొంది, 2000లో మిగతా సగం 12.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. విమానాల కంపెనీ, కార్ల కంపెనీ అప్పటికే వేర్వేరు. పేరొక్కటే.

అమ్మకం దాకా ఎందుకొచ్చింది?

సాబ్ అమ్మకాలు బాగా ఉన్న ఏడాది 2006. అప్పుడు కూడా 1,33,000 కార్లే. ఇప్పుడు మన మారుతి ఒక్క నెలలో అంతకంటే ఎక్కువ అమ్ముతుంది. జీఎం చేతిలో ఉన్న రెండు దశాబ్దాల్లో లాభం చూసిన సంవత్సరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2008లో అమెరికా ఆర్థిక సంక్షోభం వచ్చేసరికి జీఎం తానే దివాలా అంచుకి చేరింది. నష్టాల్లో ఉన్నవాటిని వదిలించుకోవాలని చూసింది. 2009 ఫిబ్రవరిలో సాబ్ స్వీడన్ కోర్టుకెళ్లి, అప్పులవాళ్ల నుంచి రక్షణ కల్పించి పునర్వ్యవస్థీకరణకి అవకాశమివ్వమని అడిగింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 2009 జులై నాటికి కొత్త జీఎంలో అరవై శాతం వాటా అమెరికా ప్రభుత్వానిది. ప్రైవేటు కంపెనీ అమ్మకంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని అన్నవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. అమ్మేవాడి వెనక అప్పటికే ఒక ప్రభుత్వం నిలబడి ఉంది.

స్వీడన్ ప్రభుత్వమే కొనేసి ఉండొచ్చు కదా?

అందరూ ముందు అడిగేది ఇదే. కార్ల ఫ్యాక్టరీలకి యజమానిగా ఉండటానికి ప్రభుత్వం సిద్ధంగా లేదని పరిశ్రమల మంత్రి మౌడ్ ఒలోఫ్సన్ 2009 మొదట్లోనే బహిరంగంగా చెప్పేశారు. ట్రోల్‌హెట్టన్‌లో ఆ మాట చాలామందికి మంటపుట్టించింది. ఫ్రెడ్రిక్ రైన్‌ఫెల్ట్ ప్రధానిగా ఉన్న ఆ ప్రభుత్వం మితవాద కూటమిది కాబట్టి అలా మాట్లాడింది అనుకుంటే సగమే నిజం. మిగతా సగం ఓడల కథ.

1970ల చివర్లో స్వీడన్ నౌకా నిర్మాణం కుప్పకూలింది. అప్పుడు ప్రభుత్వం షిప్‌యార్డులని ఒక్కొక్కటిగా తన చేతిలోకి తీసుకుని భారీగా డబ్బు పోసింది. అయినా ఉద్దెవల్లా యార్డు 1986లో మూతపడింది. ఆ ఊరు ట్రోల్‌హెట్టన్ పక్కనే. మాల్మోలో కాకుమ్స్ యార్డు వాణిజ్య ఓడలు కట్టడం మానేశాక, అదే స్థలంలో సాబ్ ఒక కార్ల ఫ్యాక్టరీ పెట్టింది. 1989లో తెరిచి 1991లో మూసేసింది. ఆ యార్డులోని 138 మీటర్ల క్రేన్‌ని కొరియా హ్యుందాయ్ ఒక్క డాలరుకి కొని, 2002లో విప్పి ఓడెక్కించుకుపోయింది. ఇవన్నీ చూసిన దేశానికి మళ్లీ ఫ్యాక్టరీ కొనమంటే చేతులు ముందుకి రావు.

విశాఖ అనుభవం వేరు. సింధియా కంపెనీ 1941లో మొదలుపెట్టిన యార్డులో కేంద్రం 1952లో పెద్ద వాటా తీసుకుంది, 1961కి పూర్తిగా తనది చేసుకుంది. 2010లో అది రక్షణ శాఖ కిందికి వెళ్లింది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ నష్టాలు చూసింది, జీతాల ఆలస్యాలు చూసింది, ఇప్పటికీ నడుస్తోంది. నేవీ పనులు ఉండబట్టే నడుస్తోంది అనేవాళ్లున్నారు, అది నిజమే. కానీ కార్లు కొనే నేవీ ఏ దేశానికీ లేదు కదా.

అయితే స్వీడన్ ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదా?

ఇచ్చింది. 2008 డిసెంబరులో వాహన రంగం కోసం 2,800 కోట్ల క్రోనాల (స్వీడన్ కరెన్సీ) ప్యాకేజీ ప్రకటించింది. అందులో 2,000 కోట్లు అప్పులకి గ్యారంటీలు, 500 కోట్లు అత్యవసర రుణాలు, 300 కోట్లు పరిశోధనకి. సాబ్ విషయంలో అసలు ఆధారం ఆ గ్యారంటీయే. యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు 40 కోట్ల యూరోలు అప్పిస్తానంది, కట్టలేకపోతే నేను కడతానని స్వీడన్ ప్రభుత్వం సంతకం పెట్టింది.

గ్యారంటీయే కదా, జేబులోంచి పోయేదేముంది?

చిట్‌ఫండ్‌లో ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టిన అనుభవం ఉన్నవాళ్లకి దీని సంగతి వివరించి చెప్పక్కర్లేదు. సాబ్ ఆ అప్పులో సుమారు 21.7 కోట్ల యూరోలు వాడుకుంది. 2011లో కంపెనీ మునిగాక స్వీడన్ జాతీయ రుణ కార్యాలయం 220 కోట్ల క్రోనాల దాకా కట్టాల్సి వచ్చింది.

అయితే ఆ కార్యాలయం తెలివిగా ఒక పని చేసింది. సంతకానికి ముందే విడిభాగాల కంపెనీని తాకట్టు పెట్టించుకుంది. కార్లు ఆగిపోయినా, రోడ్డు మీదున్న లక్షల సాబ్‌లకి బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు కావాల్సిందే. 2012 చివర్లో ఆ విడిభాగాల వ్యాపారం ప్రభుత్వం చేతికొచ్చింది, ఓరియో అని పేరు మార్చుకుంది. కార్ల ఫ్యాక్టరీకి యజమానిని కానని ఒట్టు పెట్టుకున్న ప్రభుత్వం చివరికి సాబ్ స్పేర్ పార్టుల దుకాణానికి యజమాని అయింది. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో ప్రభుత్వం చేసిన మంచి పని ఈ తాకట్టే అనిపిస్తుంది. సంస్థలో విడిగా అమ్మితే డబ్బొచ్చే భాగం ఏదో ముందే చూసుకుంది.

కొనడానికి ఎవరెవరు వచ్చారు?

మొదట కోనిగ్‌సెగ్ అనే స్వీడిష్ స్పోర్ట్స్ కార్ల కంపెనీ, కొందరు పెట్టుబడిదారులతో కలిసి. 2009 నవంబరులో వాళ్లు తప్పుకున్నారు. తర్వాత నెదర్లాండ్స్ నుంచి స్పైకర్. ఏడాదికి పదుల సంఖ్యలో కార్లు చేసే కంపెనీ అది, వేలమంది పనిచేసే ఫ్యాక్టరీని అడిగింది. 2010 జనవరిలో ఒప్పందం కుదిరింది: 7.4 కోట్ల డాలర్ల నగదు, దాంతోపాటు సుమారు 32 కోట్ల డాలర్ల విలువ కట్టిన ప్రిఫరెన్స్ షేర్లు (డివిడెండులో ముందు హక్కుండే వాటాలు) జీఎంకే. స్పైకర్‌లో పెద్ద వాటాదారైన రష్యన్ బ్యాంకరు వ్లదిమిర్ ఆంతొనోవ్ బయటికి వెళ్లాలన్నది షరతు. ఏడాది తర్వాత ఆయన మళ్లీ డబ్బుతో వస్తానంటే స్వీడన్ రుణ కార్యాలయం సరే అంది, యూరోపియన్ బ్యాంకు ఒప్పుకోలేదు.

ఈలోపు బీజింగ్ ఆటో అనే చైనా ప్రభుత్వ కంపెనీ ఫ్యాక్టరీ జోలికి రాకుండా పాత 9-3, 9-5 మోడళ్ల డ్రాయింగులు, హక్కులు, యంత్రాలు మాత్రం 20 కోట్ల డాలర్లకి కాస్త అటూఇటుగా పెట్టి పట్టుకెళ్లింది. ఫ్యాక్టరీకి వచ్చిన నగదు కంటే పాత డ్రాయింగులకి వచ్చిందే ఎక్కువ.

గ్యారంటీ ఉంది, కొత్త యజమాని ఉన్నాడు. అయినా ఎందుకు మునిగింది?

బయటికి కనపడిన కారణం, సరఫరాదారులు మెటీరియల్ ఆపేశారు. ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపేవాళ్లకి ఈ వరస బాగా తెలుసు. పెద్ద కంపెనీ ఆర్డరు వచ్చిందంటే ముందు సంతోషం. బిల్లు నెలన్నరకి అన్నది మూడు నెలలవుతుంది. ఇనుము తెచ్చినచోట అరువు నిండిపోతుంది. అప్పుడు షాపాయన "పాత బిల్లు సంగతి తేల్చండి, కొత్తదానికి అడ్వాన్సు కొట్టండి" అంటాడు. ఆ మాట అనేది ఒక్కడైతే కంపెనీ సర్దుకుంటుంది. నలుగురు అంటే లైను ఆగుతుంది. కారుకి అన్నీ ఉండి ఒక్క సీటు రాకపోయినా ఆ కారు గేటు దాటదు. ట్రోల్‌హెట్టన్‌లో 2011 ఏప్రిల్ నాటికి సరిగ్గా ఇదే జరిగింది. జూన్‌లో జీతాలు ఆలస్యమయ్యాయి. డబ్బు కోసం ఫ్యాక్టరీ స్థలం, భవనాల కంపెనీలో 50.1 శాతం వాటాని 25.5 కోట్ల క్రోనాలకి అమ్మేశారు. దాంతో కొన్నాళ్లు గడిచింది.

కానీ అసలు కారణం వేరే చోట ఉంది. చైనా నుంచి పాంగ్ డా, యంగ్‌మ్యాన్ అనే రెండు కంపెనీలు వచ్చాయి, మొత్తం కొంటామన్నాయి. జీఎం వద్దంది. సాబ్ కొత్త 9-5లో ఉన్న సాంకేతికత జీఎంది, లైసెన్సు మీద వాడుకుంటున్నది. 9-4ఎక్స్ అయితే తయారయ్యేదే జీఎం మెక్సికో ఫ్యాక్టరీలో. యజమాని చైనా కంపెనీ అయితే లైసెన్సు కొనసాగించం, కార్లు ఇవ్వం అని జీఎం చెప్పేసింది. చైనాలో తనకున్న వ్యాపారానికి అక్కడే ఇంకో పోటీదారుని తయారుచేయడం దానికి ఇష్టం లేదు. 2011 డిసెంబరు 19న సాబ్ దివాలా పిటిషన్ వేసింది.

ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది, మంత్రులు చర్చలు జరిపారు, కోర్టు గడువిచ్చింది. తాళం మాత్రం కంపెనీని అమ్మేసి వెళ్లిపోయాడనుకున్న పాత యజమాని జేబులోనే ఉంది. 2010లో స్వీడన్ ప్రభుత్వం గ్యారంటీ సంతకానికి బదులుగా జీఎం నుంచి రాబట్టాల్సింది ఆ లైసెన్సు షరతుల సడలింపు. అది అప్పుడు కుదిరేదా అంటే గ్యారంటీగా చెప్పలేం, కానీ బేరమాడటానికి బలం ఉన్నది అప్పుడే.

వోల్వో కూడా స్వీడన్‌దే కదా, అదెలా బతికింది?

దాన్ని ఫోర్డ్ 2010లో చైనా గీలీకి 180 కోట్ల డాలర్ల ఒప్పందంతో అమ్మింది. కొన్నవాడి దగ్గర డబ్బుంది, అమ్మినవాడు సాంకేతికత విషయంలో కాళ్లకి అడ్డం పడలేదు.

జర్మనీ అయితే ఓపెల్ కోసం గట్టిగా నిలబడింది అంటారు?

నిలబడింది, తర్వాత నవ్వులపాలైంది. 1929 నుంచి జీఎం చేతిలో ఉన్న జర్మన్ కార్ల కంపెనీ ఓపెల్. 2009 మే చివర్లో బెర్లిన్‌లో రాత్రంతా కూర్చుని మంత్రులు ఒక ఏర్పాటు చేశారు. ఓపెల్‌ని ట్రస్టీ చేతిలో పెట్టి, 150 కోట్ల యూరోల తాత్కాలిక రుణమిచ్చి, కెనడా విడిభాగాల కంపెనీ మాగ్నాకి, రష్యా బ్యాంకు స్బెర్‌బ్యాంక్‌కి కలిపి 55 శాతం అమ్మించాలన్నది ప్లాను. దివాలాకి పంపడమే మేలన్న ఆర్థిక వ్యవహారాల మంత్రి గుట్టెన్‌బర్గ్ మాట నెగ్గలేదు. సెప్టెంబరులో ఎన్నికలు. ఎన్నికలకి ముందు జీఎం సరే అంది. నవంబరు 3న, మేమే ఉంచుకుంటాం, అమ్మం అంది. తాత్కాలిక రుణం తిరిగి కట్టేసింది.

మధ్యలో యూరోపియన్ కమిషన్ ఒక ప్రశ్న వేసింది: సాయం ఓపెల్‌కా, మాగ్నా కొంటేనే ఓపెల్‌కా? ఒక్క కొనుగోలుదారుకే కట్టేసిన సాయం పోటీ నిబంధనలకి విరుద్ధం. ఆ ప్రశ్న జీఎంకి వెనక్కి తగ్గడానికి సాకు ఇచ్చింది. తర్వాత ఆంట్వర్ప్ ఫ్యాక్టరీ 2010లో, బోఖుమ్ ఫ్యాక్టరీ 2014లో మూతపడ్డాయి. 2017లో ఫ్రాన్స్ కార్ల కంపెనీ పీఎస్ఏ ఓపెల్‌ని, బ్రిటన్‌లోని వాక్స్‌హాల్‌ని, వాటి ఫైనాన్స్ వ్యాపారంతో సహా 220 కోట్ల యూరోలకి కొంది. ఏడాదిలోనే లాభం చూపించింది.

బ్రిటన్ కార్ల కంపెనీ రోవర్‌ని పది పౌండ్లకి అమ్మారన్నది నిజమేనా?

నిజమే. 1994లో 80 కోట్ల పౌండ్లు పెట్టి కొన్న బీఎండబ్ల్యూ, 2000 మేలో ఫీనిక్స్ అనే నలుగురి బృందానికి పది పౌండ్లకి ఇచ్చేసింది, పైగా వందల మిలియన్ల పౌండ్లు చేతిలో పెట్టి పంపింది. కానీ మినీ తన దగ్గరే ఉంచుకుంది, ల్యాండ్ రోవర్‌ని ఫోర్డ్‌కి అమ్మింది. అంటే మిగిలింది బర్మింగ్‌హామ్‌లోని లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీ, ముసలి మోడళ్లు. కొత్త చిన్న కారు చేసే స్తోమత లేక 2003లో మన టాటా ఇండికాకి బొమ్మ మార్చి సిటీరోవర్ అని అమ్ముకున్నారు. విజయవాడ రోడ్డు మీద ట్యాక్సీగా తిరిగిన ఇండికా, బర్మింగ్‌హామ్‌లో రోవర్ బ్యాడ్జీతో!

2005 ఏప్రిల్‌లో కూలిపోయింది. ఒక వారం జీతాలకి ప్రభుత్వం 65 లక్షల పౌండ్లు అప్పిచ్చింది, అది కొనుగోలుదారు దొరుకుతాడేమోనని. దొరకలేదు. సుమారు ఆరు వేలమంది రోడ్డున పడ్డారు. ఆ నలుగురు యజమానులు, సీఈవో కలిసి జీతాలు, పెన్షన్ల రూపంలో 4.2 కోట్ల పౌండ్ల దాకా తీసుకున్నారని తర్వాత విచారణలో తేలింది. ఫీనిక్స్‌కి అవకాశం రావడానికి ప్రభుత్వం తోడ్పడిందే కానీ, డబ్బు ఎలా వాడాలన్నదానిపై ఒక్క షరతూ పెట్టలేదు.

విదేశీ యజమాని మనవాడే అయిన సందర్భం ఉందా?

మహీంద్రా. కొరియా కార్ల కంపెనీ సాంగ్‌యాంగ్‌ని 2011లో తీసుకుంది. అంతకుముందు అది చైనా కార్ల కంపెనీ ఎస్ఏఐసీ చేతిలో ఉండేది. 2009లో అది కోర్టు రక్షణలోకి వెళ్లడం, ప్యోంగ్‌టేక్‌లో కార్మికులు 77 రోజులు ఫ్యాక్టరీ ఆక్రమించి సమ్మె చేయడం అందరికీ తెలిసినవే. డ్రాయింగులు పట్టుకెళ్లి వదిలేశారని అప్పటి యజమాని మీద కార్మికుల ప్రధాన ఆరోపణ. ఢిల్లీ వచ్చిన కొరియా అధ్యక్షుడు మూన్ జే-ఇన్ 2018లో, తీసేసిన పాత కార్మికుల సంగతి చూడమని ఆనంద్ మహీంద్రాని నేరుగా అడిగారు. ఆ ఏడాదే వాళ్లని తిరిగి తీసుకునే ఒప్పందం కుదిరింది.

2020 ఏప్రిల్‌లో ఇక కొత్త పెట్టుబడి పెట్టలేమని మహీంద్రా బోర్డు చెప్పింది. ప్రభుత్వ బ్యాంకైన కొరియా డెవలప్‌మెంట్ బ్యాంకు, యజమాని పెట్టకపోతే మేమెందుకు పెడతామంది. 2021 మొదట్లో ఆ బ్యాంకు అధిపతి ఇంకో షరతు పెట్టారు: లాభాల్లోకి వచ్చేదాకా సమ్మె చేయబోమని యూనియన్ రాసివ్వాలి. చివరికి 2022లో కొరియాకే చెందిన కేజీ గ్రూపు కొంది. విదేశీ పెట్టుబడిదారులు ఊడ్చుకుపోతారు అని ఇక్కడ మనం అనే మాటనే అక్కడి కార్మికులు మనవాళ్ల గురించి కూడా అన్నారని గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో రాష్ట్ర ప్రభుత్వాలు ఏం చేస్తాయి?

డబ్బు పెట్టడం తక్కువ, అనుమతులివ్వడం ఎక్కువ. ఫోర్డ్ సనంద్ ఫ్యాక్టరీని టాటాల కంపెనీ 725.7 కోట్ల రూపాయలకి తీసుకుంది. 2022 మేలో గుజరాత్ ప్రభుత్వాన్ని కూడా కలుపుకుని త్రైపాక్షిక ఒప్పందం రాసుకున్నారు. భూమి బదిలీ, పాత రాయితీల కొనసాగింపు ప్రభుత్వం సంతకం లేకుండా జరగవు. అర్హులైన ఉద్యోగులకి టాటాల్లో పని ఇస్తామన్న మాట ఆ ఒప్పందంలో భాగం. ఇంజిన్ల యూనిట్ కోసం ఫోర్డ్ భూమిని, భవనాలని టాటాల దగ్గర లీజుకి తీసుకుంది.

పుణె దగ్గర తళేగావ్‌లో వేరేలా జరిగింది. జీఎం ఫ్యాక్టరీని చైనా గ్రేట్ వాల్ కొనాలనుకుంది. 2020 ఏప్రిల్‌లో పొరుగు దేశాల పెట్టుబడులకి కేంద్రం అనుమతి తప్పనిసరి చేసింది. అనుమతి రాలేదు, 2022లో ఒప్పందం గడువు తీరిపోయింది. 2023లో హ్యుందాయ్ తీసుకుంది. ప్రభుత్వం అవునని గానీ కాదని గానీ అనకుండానే అమ్మకాన్ని ఆపొచ్చు.

ఇదంతా విశాఖ ఉక్కుకి ఎలా వర్తిస్తుంది?

నేరుగా వర్తించదు. అక్కడ అమ్మేది విదేశీ కంపెనీ, ఇక్కడ అమ్మకం ఆలోచన ప్రభుత్వానిదే. పైగా 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, అందులో 10,300 కోట్లు ఈక్విటీ, అంటే వాటా పెట్టుబడి.

కానీ ఏం అమ్ముతున్నారన్న ప్రశ్న మాత్రం ఇక్కడా అదే. ఊళ్లోనే ఉదాహరణ ఉంది. హిందుస్థాన్ జింక్‌ని 2002లో ప్రైవేటుకి ఇచ్చారు. కంపెనీ దేశంలోనే పెద్ద లాభాల కంపెనీల్లో ఒకటైంది. మింది దగ్గరున్న విశాఖ స్మెల్టర్ మాత్రం 2012లో మూతపడింది. కంపెనీ లాభాలూ ఊరి ఉద్యోగాలూ ఒకే లెక్క కాదు. గనులు రాజస్థాన్‌లో ఉన్నప్పుడు విశాఖలో మిగిలేది స్థలం. స్టీల్ ప్లాంటు గురించి మాట్లాడేటప్పుడు సొంత గనులు లేవన్న మాట, వేల ఎకరాల భూమి ఉందన్న మాట ఎప్పుడూ కలిసే వినపడేది అందుకే.

యజమాని మారితే ఉద్యోగి సర్వీసు పోతుందా?

ఏ రకం అమ్మకమన్నదాన్ని బట్టి. షేర్లు చేతులు మారితే కంపెనీ అదే, ఉద్యోగం అదే. ఫ్యాక్టరీని ఆస్తిగా అమ్మితే యజమాని మారినట్టు. అప్పుడు పాత సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా కొత్త యజమాని కొనసాగించాలి, లేదంటే పరిహారం ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ఎఫ్ సెక్షన్‌లో ఉండిన ఈ సూత్రమే కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకీ వచ్చింది. దివాలా చట్టం కింద మూసేస్తే, చివరి 24 నెలల కార్మికుల బకాయిలు తాకట్టు ఉన్న అప్పులవాళ్లతో సమానంగా వస్తాయి. పీఎఫ్ సొమ్ముని ఆ పంపకంలో కలపకూడదు.

స్వీడన్‌లో కంపెనీ మునిగితే జీతాల గ్యారంటీ కింద ప్రభుత్వమే ఒక పరిమితి దాకా కట్టేస్తుంది. సాబ్ వాళ్లకి చివరి జీతాలు అలాగే అందాయి. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు.

కాంట్రాక్టు కార్మికుల సంగతి?

అమ్మకం కాగితాల్లో వాళ్ల పేర్లుండవు. పేరు కాంట్రాక్టరు మస్టరులో ఉంటుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాలని చట్టం చెబుతుంది, కానీ అక్కడ పనిచేశానని చూపించుకోవాల్సింది కార్మికుడే. గేట్ పాస్ జిరాక్సు, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు ఇంట్లో ఉంచుకోండి. జీతం చేతికిచ్చే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తుంటే, అమ్మకం వార్తలు రాకముందే బ్యాంకులో వేయమని అడగండి. వార్తలొచ్చాక అడిగితే ఫోన్ ఎత్తడు.